మజిల్‌లోడర్‌కు ఏ మందు? వేటకూ గురిపోటీకీ పౌడర్ ఎంచుకోవడం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

మజిల్‌లోడర్, అంటే పౌడర్‌నూ (తుపాకిమందునూ) గుండునూ గొట్టం మూతి వైపు నుంచి కూరి కాల్చే తుపాకి, కొత్తగా చేతికి వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఏ పౌడర్ మంచిది?" అని. దానికి నేను వెంటనే ఏ పేరూ చెప్పను. ముందు మీ తుపాకిలో నిప్పు ఎలా పుడుతుందో చెప్పమంటాను. ఆ తర్వాత, మధ్యలో గొట్టం తుడవకుండా ఎన్ని గుళ్లు కాల్చాలనుకుంటున్నారో చెప్పమంటాను. ఈ రెండిటికీ జవాబు దొరికితే డబ్బా దాదాపు దానంతట అదే తేలిపోతుంది. చాలామంది డబ్బా మీద అచ్చేసిన వేగం అంకె చూసి కొంటారు. అన్నిటికన్నా చివర చూడాల్సింది ఆ అంకె అని నా గట్టి నమ్మకం. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దాని గురించే.

అంతకన్నా ముందు ఒక మాట చెప్పాలి. మిగతాదంతా మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు. ఇప్పటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్‌ను మజిల్‌లోడర్‌లో పోయకూడదు. కొంచెం కూడా పోయకూడదు, వేరే మందులో కలిపి కూడా పోయకూడదు. దాని కోసమే ప్రత్యేకంగా తయారుచేసి, తయారీదారు స్పష్టంగా అనుమతించిన తుపాకులు కొన్ని ఉన్నాయి. సావేజ్ కంపెనీ ఒకప్పుడు అమ్మిన 10 ఎంఎల్ రైఫిల్ అలాంటిదే. అవి తప్ప మిగతా వాటి గొట్టాలు ఆ ఒత్తిడికి తట్టుకునేలా చేసినవి కావు. గొట్టం పేలితే పోయేది చెయ్యో కన్నో, ఒక్కోసారి ప్రాణం. రంగు చూసి పౌడర్‌ను పోల్చుకోగలం అనుకోవద్దు. స్మోక్‌లెస్ పౌడర్ కూడా ముదురు రంగులో, చిన్న చిన్న గింజలుగానే ఉంటుంది. లేబుల్ ఒక్కటే గుర్తు.

ఇక అసలు విషయానికి వద్దాం.

శతాబ్దాలుగా ఉన్న అసలు మందు బ్లాక్ పౌడర్. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన మందు ఇది. సూరేకారం సుమారు 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఈ మూడే అయినప్పుడు ఇంట్లో కలుపుకుంటే పోదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ పని చేయొద్దు. అది ప్రాణాంతకం, చాలాచోట్ల నేరం కూడా. పైగా అలా కలిపిన మందు ఏ రెండుసార్లూ ఒకేలా మండదు కాబట్టి గురికి కూడా పనికిరాదు. ఫ్యాక్టరీ మందులో మనం డబ్బు పెట్టి కొనేదే ఆ ఒకేలా మండే గుణం. గింజ సైజు, సాంద్రత, బొగ్గు నాణ్యత ప్రతి డబ్బాలోనూ ఒకేలా ఉండాలి. స్విట్జర్లాండ్‌లో ఓబోన్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ ఉన్న స్విస్ పౌడర్‌ను పోటీల్లో కాల్చేవాళ్లు అంతగా ఇష్టపడేది అందుకే. అమెరికాలో గోయెక్స్, జర్మనీ నుంచి వచ్చే షూట్‌జన్ కూడా చాలామంది వాడేవే. ఒకటి గుర్తుంచుకోండి. ఒకే కొలతకు స్విస్ మందు మిగతా వాటికన్నా గట్టిగా తంతుంది. గోయెక్స్‌తో కుదుర్చుకున్న కొలతను స్విస్‌కు అలాగే వాడకండి. తగ్గించి మళ్లీ మొదటి నుంచి రండి.

గింజ సైజును ఎఫ్ అక్షరాలతో చెబుతారు. ఎఫ్‌లు ఎన్ని ఎక్కువ ఉంటే గింజ అంత సన్నం. పెద్ద మొద్దు నెమ్మదిగా కాలుతుంది, అదే మొద్దును చితుకులుగా చీలిస్తే భగ్గున అంటుకుంటుంది. మందు కూడా అంతే. గింజ సన్నగిల్లే కొద్దీ మండే ఉపరితలం పెరుగుతుంది, మంట వేగం పెరుగుతుంది, ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఒక ఎఫ్ ముతక మందు. అది పెద్ద మస్కెట్లకు, పెద్ద బోరు షాట్‌గన్లకు వాడతారు. .50 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం), ఆపైన ఉన్న రైఫిళ్లకు రెండు ఎఫ్. .45, ఆ లోపు రైఫిళ్లకూ పిస్టళ్లకూ రివాల్వర్లకూ మూడు ఎఫ్. నాలుగు ఎఫ్ చెకుముకి తుపాకిలో రంజకానికి, అంటే అసలు మందును ముట్టించడానికి బయట వేసే కొద్దిపాటి మందుకు మాత్రమే. దాన్ని గొట్టంలో అసలు మందుగా పోయకూడదు.

.50 రైఫిల్‌లో మూడు ఎఫ్ వాడేవాళ్లు లేరా అంటే, చాలామందే ఉన్నారు. మసి తక్కువ వస్తుందని వాడతారు. తుపాకి తయారీదారు పుస్తకం ఒప్పుకుంటే అది మంచి పద్ధతే. అయితే రెండు ఎఫ్ కొలతలో పదో వంతైనా తగ్గించి మొదలుపెట్టాలి.

ఇందాక అన్న మొదటి ప్రశ్న, నిప్పు సంగతి చూద్దాం. మీది చెకుముకి తుపాకి అయితే ఇక ఆలోచించాల్సిన పని లేదు. బ్లాక్ పౌడరే. రాయి ఉక్కును గీసి రాల్చే నిప్పురవ్వలు పళ్లెంలోని రంజకాన్ని అంటించాలి, ఆ మంట సన్నటి రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును ముట్టించాలి. మార్కెట్లో ఉన్న ప్రత్యామ్నాయ పౌడర్లు బ్లాక్ పౌడర్ కన్నా ఎక్కువ వేడికి గానీ అంటుకోవు. చెకుముకిలో వాటిని పోస్తే రంజకం తుస్సుమంటుంది, గొట్టంలో మందు అలాగే ఉండిపోతుంది. లేదంటే క్షణం ఆగి పేలుతుంది, అది ఇంకా ప్రమాదం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులకు మాత్రమే కేటాయించిన జింకల వేట సీజన్ ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు బ్లాక్ పౌడర్ ఎక్కడ దొరుకుతుందా అని ముందునుంచే వెతుక్కుంటారు.

క్యాప్‌తో, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీతో పేలే పాతకాలపు తుపాకి అయితే బ్లాక్ పౌడర్ బాగుంటుంది, పైరోడెక్స్ అనే ప్రత్యామ్నాయ పౌడర్ కూడా నడుస్తుంది. 11 నంబరు క్యాప్ ఇచ్చే నిప్పు చిన్నది కాబట్టి, ఆ క్యాప్ తొడిగే నిపుల్ దారి శుభ్రంగా, నూనె లేకుండా ఉంటేనే పైరోడెక్స్ నమ్మకంగా అంటుకుంటుంది. నిప్పు గొట్టం వెనక నుంచి నేరుగా మందుకు తగిలే ఆధునిక ఇన్‌లైన్ తుపాకిలో 209 షాట్‌షెల్ ప్రైమర్ (షాట్‌గన్ తూటాల్లో నిప్పు పుట్టించే చిన్న భాగం) ఉంటుంది. దాని నిప్పు చాలా పెద్దది. దానికి దాదాపు అన్ని పౌడర్లూ అంటుకుంటాయి. బ్లాక్‌హార్న్ 209 అనే పౌడర్‌కైతే ఆ ప్రైమర్ తప్పనిసరి. పౌడర్ పేరులోనే ఆ నంబరు ఉంది. ప్రైమర్ ఉంటే సరిపోదు, గొట్టం వెనక చివరను మూసే బ్రీచ్ ప్లగ్ కూడా దానికి తగినదై ఉండాలి. ఆ పౌడర్ పేలడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లను ముందు బ్రీచ్ ప్లగ్ విప్పి చూడమనండి. నిప్పు వెళ్లే దారి మసితో మూసుకుపోయి ఉంటుంది, లేదా ఆ ప్లగ్ దీనికి సరిపడనిదై ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న, మసి. నాకు మనసులో ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే, ఎందుకంటే కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోకుండా తుపాకిని నిందిస్తారు.

బ్లాక్ పౌడర్ కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారదు. ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లటి పొగగా బయటికి పోతుంది, కొంత గొట్టం గోడలకు అంటుకుంటుంది. రెండో గుండు కూరేటప్పుడు చేతికి తెలుస్తుంది. ఐదో గుండుకు కూరే కడ్డీ మీద బలం పెట్టాల్సి వస్తుంది. గుండు బిగుతుగా దిగిందంటే ఒత్తిడి మారింది, ఒత్తిడి మారిందంటే గురి మారింది. అందుకే మంచి షూటర్లు ప్రతి గుండుకూ ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ గొట్టంలో దింపి తీస్తారు. ఎన్నిసార్లు తుడవాలి అన్నది వాతావరణం బట్టి మారుతుంది. గాలిలో తేమ ఉంటే మసి మెత్తగా ఉంటుంది. ఎండు గాలిలో పెచ్చులా గట్టిపడుతుంది. కానీ ఒకసారి తుడిచి ఒకసారి వదిలేసే పద్ధతి మాత్రం ఏ వాతావరణంలోనూ పనికిరాదు.

అంతర్జాతీయ మజిల్‌లోడింగ్ పోటీలు ఎంఎల్ఏఐసీ అనే సంఘం నిర్వహిస్తుంది. అక్కడ 30 నిమిషాల్లో 13 గుళ్లు కాల్చాలి, అందులో మంచివి 10 లెక్కలోకి తీసుకుంటారు. ఫ్యాక్టరీలో తయారైన బ్లాక్ పౌడర్ మాత్రమే వాడాలి, ప్రత్యామ్నాయాలకు చోటు లేదు. ఆ పోటీలో గెలిపించేది వేగం కాదు. పదమూడో గుండు మొదటి గుండులాగే పోవాలి. అందుకని పోటీ షూటర్లు వేటగాళ్లు వాడే కొలత కన్నా బాగా తక్కువ వాడతారు. రౌండ్ బాల్ (గుండ్రటి సీసపు గుండు) కాల్చే .50 రైఫిల్‌తో 50 మీటర్లలో కాగితం మీద గుండు పడాలంటే 50 గ్రెయిన్ల మందు (గ్రెయిన్ అంటే మందు కొలిచే ప్రమాణం) చాలాసార్లు సరిపోతుంది. భుజానికి దెబ్బ తక్కువ, మసి తక్కువ, మనసూ స్థిమితంగా ఉంటుంది.

వేటలో పరిస్థితి పూర్తిగా వేరు. జంతువు మీదికి వెళ్లేది సాధారణంగా ఒకే గుండు, అదీ శుభ్రంగా ఉన్న చల్లటి గొట్టం నుంచి. అందువల్ల మసి పట్టిన గొట్టంతో మూడో గుండు, నాలుగో గుండు ఎక్కడ పడ్డాయో చూసి తుపాకి మీది గురిచూసే సైట్లు సరిచేసుకుంటే ప్రయోజనం లేదు. శుభ్రం చేసిన గొట్టంతో మొదటి గుండు ఎక్కడ పడుతుందో తెలియాలి. దాని కోసం ఓపికగా, ప్రతిసారీ గొట్టం శుభ్రం చేసి, చల్లారనిచ్చి, ఒక్కొక్క గుండే కాల్చి చూడాలి. ఇది విసుగు పుట్టించే పని. అయినా గాయపడిన జింక అడవిలో పడి గంటల తరబడి బాధపడకూడదు అనుకునే మనిషి ఈ పని తప్పక చేస్తాడు. వేటకు వెళ్లే హక్కు ఆ ఓపికతోనే వస్తుంది.

ప్రత్యామ్నాయ పౌడర్ల గురించి కొంచెం వివరంగా చెప్తాను. 1970ల్లో వచ్చిన పైరోడెక్స్ వీటిలో ముందుగా నిలదొక్కుకున్నది. అందులో ఆర్ఎస్ రకం రెండు ఎఫ్‌కు, పి రకం మూడు ఎఫ్‌కు దగ్గర. రవాణా నిబంధనల్లో బ్లాక్ పౌడర్‌ను పేలుడు పదార్థంగా గట్టి వర్గంలో పెడతారు, ప్రత్యామ్నాయాలకు అంత బిగింపు ఉండదు. అందుకే మామూలు దుకాణాల్లో ఇవే ఎక్కువ కనిపిస్తాయి. చాలామంది వీటిని మంచివని ఎంచుకుని కొనలేదు, దొరికాయి కాబట్టి కొన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ పైరోడెక్స్‌లో పెర్‌క్లోరేట్ అనే రసాయనం ఉంటుంది. కాలాక క్లోరైడ్ ఉప్పులు మిగులుతాయి. ఉక్కును అవి ఉప్పునీళ్లలాగే తినేస్తాయి. మసి తక్కువగా కనిపించింది కదా అని కడగడం మర్నాటికి వాయిదా వేశారంటే గొట్టం లోపల తుప్పు గుంటలు పడతాయి. ఆ గుంటలు ఇక పోవు.

ట్రిపుల్ సెవెన్ అనే పౌడర్‌లో గంధకం లేదు. కుళ్లిన గుడ్డు వాసన రాదు, నీళ్లతో కడిగితే శుభ్రమవుతుంది. కొలతకు కొలత చూస్తే బ్లాక్ పౌడర్ కన్నా సుమారు 15 శాతం బలమైనది కాబట్టి, బ్లాక్ పౌడర్ వేగమే కావాలంటే కొలత అంతమేరకు తగ్గించాలని తయారీదారే చెబుతాడు. దీనితో వచ్చే ఇబ్బంది ఒకటుంది. 209 ప్రైమర్‌తో కాల్చినప్పుడు, మందు ఉన్న చోటికి కాస్త ముందు గొట్టంలో గట్టి మసి ఉంగరం కడుతుంది. రెండో గుండు సరిగ్గా అక్కడ ఆగిపోతుంది. గుండు మందును తాకిందనుకుని కాలిస్తే అది ప్రమాదం, ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. ఈ ఉంగరం తగ్గించడానికే కొంచెం మెత్తని 209 ప్రైమర్లు తయారుచేశారు. అవి వాడినా, గుండుకూ గుండుకూ మధ్య ఒక తడి గుడ్డ దింపడం మానకండి.

బ్లాక్‌హార్న్ 209 మసి చాలా తక్కువ. తుడవకుండా వరసగా చాలా గుళ్లు కాల్చొచ్చు. ఇన్‌లైన్ తుపాకితో వేటకు వెళ్లేవాళ్లలో దీనికి అంత ఆదరణ రావడానికి కారణం అదే, నా దృష్టిలో ఆ ఆదరణకు అది అర్హమైనదే. దీనికి నీళ్లు సరిపోవు, ద్రావకంతో శుభ్రం చేయాలి. ఆస్కార్బిక్ యాసిడ్ ఆధారంగా చేసిన పౌడర్లు కూడా కొన్ని వచ్చాయి. తేమ పీల్చుకునే గుణం వల్ల అవి నాకు నచ్చలేదు.

గుళికల సంగతి, అంటే ముందే కొలిచి బిళ్లలుగా అచ్చుపోసిన పౌడర్ సంగతి కూడా చెప్పాలి. 50 గ్రెయిన్ల కొలతకు సమానమైన గుళికలు రెండు వేస్తే 100. కొలిచే పని లేదు, చలిలో వేళ్లు కొంకర్లు పోయినా వేసుకోవచ్చు. పైరోడెక్స్ గుళికకు ఒక చివర బ్లాక్ పౌడర్ పూత ఉంటుంది, ఆ చివర ప్రైమర్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే అంటుకోకపోవచ్చు. గుళికల లోటు ఏమిటంటే, 85 గ్రెయిన్ల దగ్గర మీ తుపాకి అద్భుతంగా కాలుస్తుందని తెలిసినా 85 వేయలేరు. గురి మీద మమకారం ఉన్నవాళ్లకు విడి పౌడరే సరైనది. పైగా కొలరాడో లాంటి రాష్ట్రాల్లో మజిల్‌లోడర్ సీజన్‌లో గుళికలు నిషేధం. ఎక్కడ వేటాడబోతున్నారో అక్కడి నిబంధనలు చదివాకే పౌడర్ కొనండి.

కొలత దగ్గర జరిగే పొరపాటు గురించి కాస్త నెమ్మదిగా చెప్తాను, దయచేసి వినండి. మజిల్‌లోడర్ మందును ఘనపరిమాణంతో కొలుస్తారు, బరువుతో కాదు. గ్రెయిన్ అనేది నిజానికి బరువు కొలమానం, ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు. కానీ కొలత గొట్టం మీద 100 అని రాసి ఉంటే, అంత చోటులో పట్టే బ్లాక్ పౌడర్ బరువు సుమారు 100 గ్రెయిన్లు అని అర్థం. ప్రత్యామ్నాయాలు తేలిక. బ్లాక్‌హార్న్‌ను అదే గొట్టంలో అదే గీత దాకా పోస్తే బరువు దాదాపు 70 గ్రెయిన్లే ఉంటుంది. ఇప్పుడు ఎవరైనా త్రాసు మీద పెట్టి బ్లాక్‌హార్న్ 100 గ్రెయిన్లు తూచారనుకోండి. కొలత లెక్కన అది 143 అవుతుంది. ఆ పౌడర్‌కు తయారీదారు పెట్టిన గరిష్ఠ పరిమితి 120. త్రాసు వాడకూడదని కాదు, వాడేవాళ్లు ఆ పౌడర్‌కు సంబంధించిన బరువు లెక్క తెలుసుకుని వాడాలి.

ఇక వేగం. .50 రైఫిల్‌లో వాడే, 0.490 అంగుళాల వ్యాసం ఉన్న సీసపు గుండు బరువు సుమారు 177 గ్రెయిన్లు. గుండ్రటిది కాబట్టి గాలిని సరిగ్గా చీల్చలేదు. మందు 70 నుంచి 100కు పెంచితే గొట్టం చివర వేగం పెరుగుతుంది, నిజమే. పెరిగిన వేగంలో పెద్ద భాగం 100 గజాలు దాటేసరికి గాలికే పోతుంది. తన్ను, మసి మాత్రం మీకు మిగులుతాయి. కొలత పెంచాలనుకునేవాళ్లు ముందు గొట్టం మెలిక, అంటే లోపలి గాడులు ఎంత పొడవులో ఒక చుట్టు తిరుగుతాయో చూడండి. 60 అంగుళాలకో 66 అంగుళాలకో ఒక చుట్టు తిరిగే నెమ్మది మెలిక రౌండ్ బాల్ కోసం చేసినది, అది కొంచెం ఎక్కువ మందునూ సహిస్తుంది. 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టం పొడవాటి గుళ్లకు, సాబట్లకు (ప్లాస్టిక్ తొడుగులో పెట్టి కాల్చే గుళ్లకు) చేసినది. అందులో రౌండ్ బాల్‌ను పెద్ద కొలతతో కాలిస్తే గుండు గాడులను పట్టుకోలేక జారుతుంది, గురి చెదిరిపోతుంది. అక్కడ ఏ పౌడర్ మార్చినా లాభం లేదు.

మీ కొలత మీరే కనిపెట్టాలి. తయారీదారు పుస్తకంలో ఉన్న కనిష్ఠం దగ్గర మొదలుపెట్టండి. ఐదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ, ప్రతి కొలతకూ ఐదు గుళ్లు ఒకే తీరుగా కాల్చండి. ఒకచోట గ్రూప్, అంటే కాగితం మీద గుళ్లు పడిన గుంపు, దగ్గరకు వస్తుంది, తర్వాత మళ్లీ విచ్చుకుంటుంది. విచ్చుకోగానే పెంచడం ఆపి, దగ్గరకు వచ్చిన కొలతనే ఉంచుకోండి. గరిష్ఠం దాకా వెళ్లాలనే తొందర అవసరం లేదు.

ఇందాక వాయిదా వేసిన ప్రమాదం గురించి. గుండు మందు మీద గట్టిగా కూర్చోవాలి. మధ్యలో ఖాళీ ఉంటే, ఏ పౌడరైనా సరే, గొట్టం ఉబ్బిపోవచ్చు, పగలవచ్చు. దీనికి తేలికైన జాగ్రత్త ఉంది. సరిగ్గా కూర్చున్నప్పుడు కూరే కడ్డీ గొట్టం మూతి దగ్గర ఎక్కడికి వస్తుందో ఒక గీత పెట్టుకోండి. ప్రతి గుండుకూ ఆ గీత చూడండి. ఖాళీ గొట్టానికి ఇంకో గీత పెట్టుకుంటే లోపల మందు ఉందో లేదో కూడా తెలుస్తుంది. అలాగే మందు దాచుకునే కొమ్ములోంచి గానీ డబ్బాలోంచి గానీ నేరుగా గొట్టంలోకి మందు పోయవద్దు. లోపల ఒక్క నిప్పుకణిక మిగిలి ఉన్నా చేతిలోని డబ్బా అంతా పేలుతుంది. ముందు కొలత గొట్టంలోకి, అక్కడి నుంచి తుపాకిలోకి. మూతి మీదికి ముఖం గానీ అరచేయి గానీ రానివ్వకండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని గురి వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి.

ఒకరు చీటీ పంపారు: "పైరోడెక్స్ కొంచెం, బ్లాక్ పౌడర్ కొంచెం మిగిలాయి, రెండూ కలిపి వాడేయొచ్చా?" వద్దండి. ఏ రెండు పౌడర్లనూ కలపవద్దు, ఒకదాని డబ్బాలో ఇంకోటి నింపవద్దు. దేన్నయినా అది వచ్చిన డబ్బాలోనే, మూత బిగించి, పొడిగా చల్లగా ఉండే చోట, పిల్లలకు అందకుండా, నిప్పుకు దూరంగా పెట్టండి.

ఇంకో చీటీ: "మా తాతగారి పెట్టెలో లేబుల్ లేని డబ్బా దొరికింది, నల్లగా గింజలుగా ఉంది. బ్లాక్ పౌడరే అనిపిస్తోంది." దాన్ని తుపాకిలో పోయవద్దు. అంటించి పరీక్షించవద్దు, చెత్తలో పారేయవద్దు. కదిలించకుండా అలాగే ఉంచి, పేలుడు పదార్థాలను చూసే అధికారులకు గానీ అగ్నిమాపక శాఖకు గానీ ఫోన్ చేసి, ఏం చేయాలో అడగండి. తాతగారి తుపాకి కూడా ఆ పెట్టెలోనే ఉంటే, ముందు తెలిసిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేత లోపల మందు మిగిలి ఉందేమో చూపించండి. ఏళ్ల క్రితం కూరి వదిలేసిన బ్లాక్ పౌడర్ ఈ రోజు కూడా పేలుతుంది.